పేరు బరువు

రంజాన్ ఉపవాస నెలలో మధ్యాహ్నం దాటితే ఆసుపత్రి మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. నడిచేవాళ్ళు తేలుతూ నడుస్తారు. మాట్లాడేవాళ్ళు సగం మాట పెదాల లోపలే వదిలేస్తారు. ఆ రోజు పైగా సన్నటి వాన. నా ముందు బల్ల మీద ఒంటి చెప్పు ఒకటి ఉంది. ఎడమ కాలిది. ఆడవాళ్ళు ఇంట్లో వేసుకునే ఆకుపచ్చ రబ్బరు చెప్పు. దాన్ని చూస్తూ చూస్తూ నేను అప్పటికే ఒకసారి కునుకు తీశాను.

"బు వురియా, మీరు నిద్రపోతున్నారా?" అంది నర్సు కినాంతి. బు అంటే మా జావాలో పెద్ద ఆడమనిషిని పిలిచే మాట, అమ్మా అన్నట్టు.

"ఆలోచిస్తున్నాను. నిద్రపోతే నాకు గురక వస్తుంది. మొదట్నుంచి ఇంకోసారి చెప్పమ్మా."

కినాంతి విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టింది. ఏడో గదిలో ఉన్న పిల్ల అసలు పేరు విదూరి. కాలు, మోచెయ్యి విరిగి, ఒక తెల్లారగట్ల రిక్షాలో ఒక్కతే వచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది. నొప్పి అనలేదు, నీళ్ళు అనలేదు. "నేనిక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు" అంది. పెద్ద డాక్టరు సరేనని, ఆమెను లాస్మి అనే పేరుతో చేర్చుకున్నాడు. తలుపు మీద పేరు రాయలేదు. మందుల సీసాల మీద లాస్మి అనే ఉంది. ఆ ఇద్దరూ ఒకరే అని తెలిసింది ఈ భవనంలో డాక్టరుకీ, కినాంతికీ. బయట విదూరి తల్లికి. అమ్మను మాత్రం రానివ్వమని పిల్లే అడిగింది.

ఈ ఉదయం కిరాయి మోటారు సైకిలువాడు ఒకడు గేటులో పొట్లం ఇచ్చి పోయాడు. ఎవరిచ్చారో వాడికీ తెలియదట, రోడ్డు పక్కన టోపీ పెట్టుకున్న మనిషి ఆపి ఇచ్చాడట. పొట్లం మీద "లాస్మి రహాయు, ఏడో గది" అని ఉంది. లోపల ఈ చెప్పు. దాన్ని చూసి విదూరి అరవలేదు, ఏడవలేదు. దుప్పటి తల మీదికి లాక్కుని అలా ఉండిపోయింది.

చెప్పు పంపినవాడికి పేరూ తెలిసింది, గదీ తెలిసింది. రేపో మాపో వాడే వస్తాడు. అందుకే పెద్ద డాక్టరు నన్ను పిలిపించాడు. పోలీసు ఉద్యోగం మానేశాక నా పని ఇదే, ఇంటిగుట్టులో చిక్కుకున్నవాళ్ళకు దారి వెతకడం.

"ఆమె ఎవరికి భయపడుతోంది?" అన్నాను.

"నాకు తెలుసు."

"అయితే చెప్పు."

"చెప్పను, బు."

"అమ్మాయ్, నేను రోజంతా ఏమీ తినలేదు. నన్ను సతాయించకు."

"నేనూ తినలేదు. ఆ మాట ఆమె నా దగ్గర దాచుకుంది, అది నాది కాదు. ఆమెనే అడగండి. చెబితే వినండి."

"అతనెవరో తెలిస్తే పట్టుకోవడం సులువు కదా?"

"మీకు చెబితే రేపు పోలీసులకెందుకు చెప్పవంటారు. ఎల్లుండి తల్లికెందుకు చెప్పవంటారు. మొదటి మనిషి దగ్గరే ఆగిపోతే నాకు సులువు."

దాని చెంప పగలగొట్టాలనిపించింది. అదే సమయంలో, రేపు నాకు రోగం వస్తే ఈ పిల్ల చేతుల్లోనే పడాలనీ అనిపించింది. రెండూ నిజమే.

తలుపు కొట్టకుండా లోపలికొచ్చేవాడు ఈ సురకర్త ఊళ్ళో నాకు తెలిసి ఒక్కడే. హర్యోకో. ఒకప్పుడు నా కింద పనిచేసి, నేను రాసిన మాటల్ని తన మాటలుగా పై అధికారుల ముందు చదివి, ఇప్పుడు కంప్యూటరు నేరాల ఇన్‌స్పెక్టరయ్యాడు. ఉపవాసంలోనూ చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఆసుపత్రి యాజమాన్యం వాణ్ణి విడిగా పిలిచిందట. డాక్టరుకు నా మీద నమ్మకం, యాజమాన్యానికి యూనిఫారం మీద.

"బు, మీరింకా ఇంట్లో కూర్చుని కోళ్ళు పెంచుకోవడం లేదా?"

"పెంచుతున్నాను నాయనా. ఒక పుంజు తప్పించుకుని పోలీసుల్లో చేరింది."

కినాంతి మొహం పక్కకు తిప్పుకుంది. హర్యోకో నవ్వి, కుర్చీ లాక్కున్నాడు.

"ఏడో గది వివరాలు కంప్యూటరులో తెరిచింది ఒక్కరే. ఈ నర్సు. డాక్టరు నోటిమాటగా చెప్పి ఊరుకున్నాడు, ఒక్కసారి కూడా తెరవలేదు. లెక్క తేలిపోయింది. ఈమే అమ్ముకుంది."

"అమ్ముకునేదాన్నయితే డాక్టరు చెప్పినట్టు వేరే పేరు ఎందుకు ఎక్కిస్తాను సార్?" అంది కినాంతి.

"ధర పెరుగుతుందని."

నేను పొట్లం కాగితం వాడి ముందుకు జరిపాను. "కంప్యూటరులో పేరేమని ఉంది, హర్యోకో?"

"లాస్మి."

"ఇంకేమీ లేదా?"

"లాస్మి. అంతే."

"మరి దీని మీద రహాయు ఎక్కడ్నుంచి వచ్చింది?"

వాడు కాగితం తిప్పి చూశాడు. "రాసినవాడు అందంగా ఉంటుందని కలిపి ఉంటాడు."

"ఆడపిల్లను హడలగొట్టడానికి ఒంటి చెప్పు పంపినవాడు, ఆ పిల్ల చల్లగా ఉండాలని రహాయు అనే దీవెన కూడా కలిపి పంపాడా? ఈ పేరు వాడు పెట్టింది కాదు. ఎవరి నోటో విన్నాడు, విన్నది విన్నట్టు రాశాడు. అది కంప్యూటరులోంచి రాలేదు, ఈ పిల్ల నోట్లోంచీ రాలేదు. ఈమెకు తెలిసింది లాస్మి ఒక్కటే."

"మీ కాలంలో కేసులు ఇలాగే తేల్చేవారా, పేర్లకు అర్థాలు చెప్పుకుంటూ?" హర్యోకో లేచాడు. "సాయంత్రం మసీదు డోలు మోగాక ఈమెను స్టేషనుకు తీసుకెళ్తాను. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళేంత దుర్మార్గుణ్ణి కాను. అప్పటిదాకా ఏడో గదిలో ఈమె అడుగు పెట్టకూడదు. తలుపు దగ్గర నేనే ఉంటాను. ఈగ వచ్చినా గుర్తింపు కార్డు అడుగుతాను."

వాడు వెళ్ళాక కినాంతి బల్ల మీది చెప్పును మళ్ళీ పొట్లం కాగితంలో చుట్టి పెట్టింది. స్టేషను గుమ్మం ఎక్కిన నర్సును ఈ ఊళ్ళో ఏ ఆసుపత్రీ మళ్ళీ తీసుకోదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఏడవకుండా లేచి, ఎవరో పేషెంటు గంట కొడితే అటు వెళ్ళిపోయింది.

ఏడో గది బయట వరండాలో చాప పరుచుకుని విదూరి తల్లి సాకినెం కూర్చుని ఉంది. పొట్టిగా, గట్టిగా, ఎండిన చింతపండు ఉండలా ఉంటుంది. గోడకు తలాన్చి సగం నిద్రలో జపం చేసుకుంటోంది.

"సాకినెం అమ్మా, పిల్ల ఇక్కడుందని ఎవరికైనా చెప్పారా?"

"అల్లా సాక్షి, బయటి మనిషికి ఒక్కడికి కూడా చెప్పలేదమ్మా. మేడ మెట్ల మీద జారిపడిందని ఊళ్ళో అనుకుంటున్నారు, ఏ ఆసుపత్రి అని అడిగితే నేను చెవుడు నటిస్తున్నాను."

ఆమె కళ్ళల్లో అబద్ధం లేదు. ముప్ఫై ఏళ్ళుగా అబద్ధాలు వింటున్నదాన్ని, నాకు తెలుస్తుంది. అప్పటికి ఆమె మాటల్లో నేను పట్టించుకోవలసినదాన్ని పట్టించుకోలేదు.

గదిలోకి వెళ్ళి ముందు గదినే చూశాను. కిటికీకి ఇనుప చువ్వలు. తలుపుకు లోపల గడియ. బల్ల మీద దువ్వెన, వేడినీళ్ళ ఫ్లాస్కు. మంచం కింద కుడి కాలి ఆకుపచ్చ చెప్పు. ఎక్కడా పేరు లేదు, వరండాలోంచి చూస్తే తెర తప్ప ఏమీ కనపడదు. ఈ గది ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది మనిషే.

"గోడ మీద నది పారుతోంది. చూశారా?" అంది మంచం మీద పిల్ల.

వాన నీళ్ళ నీడ గోడ మీద కదులుతోంది. మందుల మత్తులో ఆమె కళ్ళు అర్ధనిమీలితంగా ఉన్నాయి. గొంతు ఎక్కడో పక్క ఊళ్ళోంచి వస్తున్నట్టుంది.

"చూశాను తల్లీ. నీ పేరేంటి?"

"ఇక్కడ లాస్మి. నాకు నచ్చింది. లాస్మికి పెళ్ళి కాలేదు." కాసేపు నదిని చూసింది. "నిన్న కలలో లాస్మి మెట్లు దిగుతోంది. చివరిదాకా దిగింది. వెనక ఎవరూ లేరు."

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. గది బయట ఎవరో చీపురుతో నీళ్ళు ఊడుస్తున్న చప్పుడు దగ్గరకొచ్చి, దూరమైపోయింది. నాకూ కళ్ళు మూసుకుపోతున్నాయి. అలా ఉండగా ఆమె తనంతట తనే చెప్పింది, ఎవరిదో కథ చెప్పినట్టు.

"నన్ను తోసింది మా ఆయన. తర్జో. ముందు చెయ్యి విరిచాడు, తర్వాత తోశాడు. పైన్నుంచి చూస్తూ, నా చెప్పు తీసి పట్టుకుని, ఇది లేకుండా ఎంత దూరం పోతావ్ అన్నాడు. రాత్రికి ఆయన పడుకున్నాక పాక్కుంటూ రోడ్డు మీదికొచ్చాను."

నా మత్తు దిగిపోయింది. "మీ అమ్మకు తెలుసా?"

"ఈ సంబంధం తెచ్చింది అమ్మే. రోజూ నా తల దువ్వుతూ అల్లుణ్ణి పొగుడుతుంది. నేనే చెప్తాను. నా నోటితో. ఇంకొంచెం బలం రానివ్వండి. మీరు చెప్పకండి."

"బయట కాపలా ఉన్న పోలీసుకు ఒక్క మాట చెబితే..."

"పోలీసుకు తెలిస్తే అమ్మకు తెలుస్తుంది. అమ్మకు ఇంకొకరి నోటి నుంచి తెలిస్తే చచ్చిపోతుంది. మాటివ్వండి, బు."

ఇచ్చాను. అయిష్టంగా ఇచ్చాను, కానీ ఇచ్చాను.

బయటికొస్తే చాప ఖాళీగా ఉంది. సాకినెం ఇంటికెళ్ళి వస్తానని వెళ్ళిందట. హర్యోకో తలుపు పక్కన కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"లోపలికి ఎవరినీ పంపకు," అన్నాను.

"ఎవరినీ అంటే?"

"ఎవరినీ అంటే ఎవరినీ."

"కారణం?"

"చెప్పలేను."

వాడు తల ఎగరేసి నవ్వాడు. "మీరూ నర్సుల్లో చేరిపోయారా? కారణం చెప్పని ఆజ్ఞలు పాటించడం నేను మానేసి చాలా రోజులైంది బు. మీ దగ్గర మానేసినప్పుడే."

వాడి చెవి పట్టుకుని నిజం చెప్పేయాలనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా. లోపల పిల్ల దగ్గు వినిపించి, మింగేశాను. ఆ తర్వాత నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి, సాకినెం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పేరు బయటికి పోయింది మూడు నోళ్ళలో ఒకదాన్నుంచే. డాక్టరుకు పొద్దస్తమానం ఆపరేషన్లు, కినాంతి చచ్చినా పెదవి విప్పదు. మిగిలింది తల్లి. కానీ ఆమె అబద్ధమాడలేదు. ఎటు తిప్పినా ముడి విడలేదు. వాన వెలిసింది. వరండా అంతా నారింజ రంగు వెలుతురు నిండి, అందరూ చేతుల్లో ఖర్జూరం పట్టుకుని దూరంగా ఏదో వింటున్నట్టు కూర్చున్నారు.

మసీదు డోలు మోగింది. నీళ్ళు గొంతులో పడగానే లోకం మళ్ళీ గట్టిపడింది.

"తీసుకోండి, తీసుకోండి. ముందు తీపి తినాలి." సాకినెం తడిసిన లుంగీ అంచుతో, పెద్ద పళ్ళెం పట్టుకుని వస్తోంది. అరటాకు దొప్పలు. ఈ నెలలో ఈ వేళకు ఎవరో ఒకరు ఏదో ఒకటి పంచుతూనే ఉంటారు, ఎవరూ ఎందుకని అడగరు. కినాంతికి ఒకటి, నాకు ఒకటి పెట్టింది.

దొప్పలో కింద తెల్లటి బియ్యప్పిండి జావ. పైన తాటిబెల్లం వేసి కాచిన ఎర్రటి జావ.

నోటి దాకా వెళ్ళిన చెంచా ఆగిపోయింది. ఎర్ర జావ విడిగా, తెల్ల జావ విడిగా ఎవరైనా వండుకుంటారు. ఈ రెండూ ఒక దొప్పలో పోసి పంచారంటే మా దగ్గర ఒకటే అర్థం.

"సాకినెం అమ్మా, ఎవరికి పేరు పెట్టారు?"

"ఇంకెవరికి, మా పిల్లకే," అంది ఆమె సంబరంగా. "నేను మొదటిరోజు రాగానే ఈ నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇకనుంచి విదూరి అనకండి, లాస్మి అని అడిగితేనే లోపలికి పంపుతారు, ఎందుకని మాత్రం అడగకండి అంది. అడగడమెందుకు, నాకు తెలియదా? పేరు బరువైపోయి పిల్ల మోయలేకపోతోంది, అందుకే ఈ దెబ్బలు. మా అన్నకూ చిన్నప్పుడు అలాగే మార్చారు. ఇంత చదువుకున్న డాక్టర్లకు కూడా ఇవి తెలుసన్నమాట అని ఎంత సంతోషపడ్డానో. కానీ పాపం వాళ్ళకు సగమే తెలుసు. జావ పంచకుండా పేరు మారిస్తే ఆ పేరు నిలవదు. మనిషి నిలవదు. అందుకే నేనే వండి పంచాను. లాస్మి ఒక్కటే బోసిగా ఉందని రహాయు కలిపాను."

కినాంతి చేతిలో దొప్ప ఒక పక్కకు ఒరిగి, జావ బల్ల మీద పడింది. ఆమె అది చూసుకోలేదు. కారణం ఎవరికీ చెప్పకూడదని ఈమె నోరు కట్టుకుంది. చెప్పని కారణాన్ని ఆ తల్లి తనకు తెలిసినదానితో నింపుకుంది. ఇద్దరిలో ఎవరినీ నేను తప్పు పట్టలేకపోయాను.

"ఎవరెవరికి పంచారు?"

"మా వీధికి, నిన్న పొద్దుగూకే వేళ. పేరు ఒక్కటే చెప్పాను. ఎక్కడుందో బయటివాళ్ళకు చెప్పలేదు."

"అల్లుడికి?"

సాకినెం నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసింది. "అల్లుడు బయటివాడెలా అవుతాడమ్మా? మొదటి దొప్ప ఆయనకే. మొగుడు తినకుండా పెళ్ళానికి కొత్త పేరు అతుకుతుందా? పిల్ల ఎక్కడుందో తెలియక ఎంత చిక్కిపోయాడో. ఏడుస్తూ తిన్నాడు. గది కూడా చెప్పాను. ఈ పూట ఉపవాసం ఇక్కడే విడువు నాయనా, నీ చేత్తో దానికి రెండు చెంచాలు తినిపించు అన్నాను. ఇప్పుడే వెనక మెట్ల మీదుగా తెచ్చి లోపల కూర్చోబెట్టి వస్తున్నా. ఆ పోలీసాయన భలే మంచివాడు. కార్డు చూశాడు, పెళ్ళికి సర్కారు ఇచ్చే పుస్తకం చూశాడు, సలాం కూడా చెప్పాడు."

కినాంతి అప్పటికే లేచి పరుగెత్తుతోంది. నేను ఆమె వెనక. వరండా నిండా కాళ్ళు చాపుకుని తింటున్న జనం. "రండి బు, ఒక ముద్ద" అని ఎవరో చెయ్యి చాపారు, ఎవరో పసిపిల్లను నా దారిలోంచి తీశారు. కలలో పరుగెత్తినట్టే ఉంది, ఎంత నడిచినా ఆ తలుపు దగ్గరకు రాదు. వెనక సాకినెం "ఏమైందమ్మా, ఏమైంది?" అంటూ పళ్ళెంతోనే వస్తోంది.

హర్యోకో తలుపు బయట టీ తాగుతున్నాడు. "ఈమె లోపలికి పోకూడదని చెప్పాను," అన్నాడు కినాంతిని చూసి. నేను వాణ్ణి భుజంతో నెట్టేశాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు చెయ్యవలసిన పని, ఆలస్యంగానైనా చేశాను.

తర్జో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నేను ఊహించినట్టు లేడు. సన్నగా, తడి జుట్టు నున్నగా దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. కుడి చేతిలో చెంచా. ఎడమ చెయ్యి విదూరి విరిగిన మోచేతి మీద, కట్టు మీద, మెత్తగా ఆనించి ఉంది.

"లాస్మీ, ఇంకొక్క చెంచా," అంటున్నాడు, పసిదానికి జోల పాడే గొంతుతో.

విదూరి పెదాలు బిగించుకుంది. గడ్డం మీద ఎర్రటి జావ కారుతోంది. కట్టు మీద అతని వేళ్ళు ఒకసారి ముడుచుకున్నాయి. ఆమె నోరు తెరుచుకుంది, చెంచా లోపలికి పోయింది.

"అత్తయ్యా, చూడండి, మంచిగా తింటోంది," అన్నాడు మా వెనకున్న సాకినెంతో. "రండి బు, కూర్చోండి."

నా నోట్లో నిజం ఉంది. చెప్పేస్తే పిల్ల బతుకుతుంది, పిల్లకిచ్చిన మాట చస్తుంది, అదీ తల్లి ముందే. నేను నోరు తెరిచాను. కినాంతి నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళి, అతని వైపు చూడనైనా చూడకుండా, రోజూ జ్వరం ఎంతుందో అడిగే గొంతుతోనే అడిగింది.

"అమ్మా, ఈయన ఇక్కడ ఉండటం మీకు ఇష్టమేనా?"

తర్జో నవ్వాడు. "నేను భర్తను, నర్సమ్మా."

"మిమ్మల్ని అడగలేదు."

విదూరి అతన్ని చూడలేదు, నన్ను చూడలేదు. మా భుజాల మధ్యనుంచి తల్లినే చూసింది. ఆ కళ్ళల్లో ఇక మత్తు లేదు.

"ఇష్టం లేదు," అంది. "అమ్మా, నేను జారిపడలేదు. ఈయన తోశాడు. ఈ చెయ్యి కూడా ఈయనే విరిచాడు."

సాకినెం చేతిలో పళ్ళెం కదల్లేదు. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"మందుల మత్తులో ఏదేదో అంటోంది, పాపం," అన్నాడు తర్జో. చెంచా గిన్నెలో పెట్టాడు. లేచి చొక్కా సరిచేసుకున్నాడు. "మీకందరికీ ఇబ్బందిగా ఉన్నట్టుంది. నేను వెళ్ళొస్తాను అత్తయ్యా."

అంత మర్యాదగా అన్నాడు కాబట్టి మేం పక్కకు తప్పుకున్నాం. నేను కూడా తప్పుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని. బయట గుమ్మంలో హర్యోకో టీ గ్లాసుతో ఇంకా ఏమీ అర్థంకాక నిలబడి, అతనికి దారిచ్చి ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్జో గుమ్మం దాకా నడిచి, హర్యోకోకు తల వంచి సలాం చెప్పి, తలుపు లోపలినుంచి మూసి గడియ పెట్టాడు.

వెనక్కి తిరిగేసరికి అతని చేతిలో, జేబులోంచి తీసిన పండ్లు కోసే కత్తి ఉంది. హర్యోకో బయట తలుపు బాదుతున్నాడు. కినాంతి గోడకున్న గంట మీద చెయ్యి వేసింది. నేను ఫ్లాస్కు అందుకున్నాను. అతను మా ఇద్దరినీ లెక్కచెయ్యలేదు, మంచం వైపే నడిచాడు. కానీ సాకినెం అప్పటికే అక్కడుంది. కూతుర్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, మంచానికి అడ్డంగా నిలబడి, భుజం మీది కండువా నడుముకు బిగించుకుంటోంది.